మధ్యాహ్నం పూట దయ్యం: నల్లగుమ్మం గడీలో నా ఉద్యోగం

రిటైరైనవాళ్ళు తమ ఉద్యోగం గురించి రాస్తే మొదటి పేజీలో ఒక ఫోటో ఉంటుంది. భుజాన శాలువా, మెడలో దండ, చేతిలో గోడ గడియారం. నా దగ్గర అలాంటిదేమీ లేదు. ఇరవై తొమ్మిదేళ్ళవాడికి శాలువా కప్పితే చూసినవాళ్ళు జ్వరం వచ్చిందనుకుంటారు.

నేను రిటైరైన వృత్తి దయ్యాల నవలలు రాయడం. పుస్తకాలు కావు, ఫోన్లో ఒక యాప్ ద్వారా వినే ధారావాహికలు. మా కంపెనీ నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక మసాలా పొడుల యూనిట్ పై అంతస్తులో ఉండేది. కింద కారం, పైన భయం. మా నవల పేరు 'నల్లగుమ్మం గడీ'. నిజాం కాలం నాటి ఒక పెద్ద గడీ. అందులో ఒక దొర. పదేళ్ళ కింద చనిపోయి, ఇప్పటికీ ఇల్లు వదలని దొరసాని మాణిక్యమ్మ. ఆమెను ఎవరో చంపారు, ఎవరన్నది రహస్యం. భూములు కొలవడానికి పట్నం నుంచి వచ్చిన కుర్ర సర్వే ఆఫీసరు. దొర అన్నకూతురితో అతడి ప్రేమ. చరిత్ర, హత్య, ప్రేమ, దయ్యం అన్నీ ఒకే ఇంట్లో, సాయంత్రం ఆరింటికి ఉప్పల్ చౌరస్తాలో ఎక్కిన బస్సులా.

ఇప్పుడు నేను పోచారంలో ఒక ఐటీ కంపెనీలో, పాస్‌వర్డ్ మర్చిపోయినవాళ్ళు ఏం చేయాలో రాస్తున్నాను. ప్రశాంతంగా ఉంది. ఈ మధ్య చిల్కానగర్‌లో ఉండే మా పిన్ని కొడుకు, కథలు రాసే కంపెనీలో చేరుతున్నాననీ, పని ఎలా ఉంటుందో చెప్పమనీ అడిగాడు. వాడికి చెప్పినదీ, సగంలో వాడు ఫోన్ చూసుకోవడం మొదలుపెట్టడంతో చెప్పలేకపోయినదీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. ప్రమోషన్ల గురించి రాయడం లేదు. లేవు కాబట్టి.

కొట్టినవాడు తియ్యడు

ముందుగా పని పద్ధతి చెప్పాలి. ఎందుకంటే తర్వాత జరిగిన అనర్థాలన్నీ అందులోంచే పుట్టాయి.

రోజుకో ఎపిసోడ్. ప్రతి ఎపిసోడ్ చివర ఎవరో ఒకరు తలుపు కొట్టాలి. ఒకరోజు నేను రాస్తే మర్నాడు మా రెండో రచయిత మహేశన్న రాసేవాడు. మా కంపెనీలో ఉన్న ఒకే ఒక చట్టం ఏమిటంటే, తలుపు కొట్టించినవాడు తలుపు తీయించకూడదు. అది మర్నాటి రచయిత పని. బయట ఎవరున్నారో రాసేవాడికే తెలియకపోతే వినేవాడు ఎలా కనిపెడతాడని మా బాసు వాదన. వాదనలో తప్పు లేదు. బయట ఎవరున్నారో ఎప్పటికీ ఎవరికీ తెలియదన్నది ఒక్కటే లోపం.

మహేశన్న కొట్టించేవాడు. మర్నాడు నేను తీయించేవాణ్ణి. గాలి. నేను కొట్టించేవాణ్ణి. ఆయన తీయించేవాడు. పనిమనిషి, చేతిలో పాలగ్లాసు. ఒక దశలో ఆ గడీలోకి వచ్చిన పాలతో నాచారం మొత్తానికి టీ పెట్టొచ్చు.

హత్య కూడా ఇలాగే జరిగింది. మాణిక్యమ్మను చంపేశారని మొదటి ఎపిసోడ్‌లోనే చెప్పేశాం. ఎవరు చంపారో బాసుకి తెలుసని నేననుకున్నాను. నాకు తెలుసని మహేశన్న అనుకున్నాడు. మహేశన్న చూసుకుంటాడని బాసు అనుకున్నాడు. ముగ్గురం ఒకరినొకరు నమ్ముకుని నెలల తరబడి ఆమెను గడీలో తిప్పాం.

కొత్తగా చేరేవాళ్ళు ఇది రాసి పెట్టుకోండి. ఒక మనిషిని చంపే ముందు ఎవరు చంపుతున్నారో మీలో మీరు మాట్లాడుకోండి. తర్వాత మాట్లాడుకుందాం అనుకుంటే ఎవరికీ తీరిక ఉండదు.

ప్రేమ ఎవరు రాయాలి

మహేశన్నవాళ్ళు నాచారం పాత ఊరివాళ్ళు. మా ఆఫీసున్న వీధిలోనే ఒకప్పుడు వాళ్ళ జొన్నచేను ఉండేదట. కిటికీలోంచి చెయ్యి చాపి చూపించేవాడు. "ఈడ మా తాత జొన్నలేసిండు తమ్మీ. నేను దయ్యాలేస్తున్న. పంట మాత్రం ఆయనకే బాగొచ్చింది."

ఎవరి రోజైనా సరే, ప్రేమ సన్నివేశాలు మాత్రం ఆయన వంతు. ఇద్దరు పిల్లల తండ్రి. ఒక చేత్తో 'ఆమె కనురెప్పల మీద వెన్నెల వాలింది' అని టైపు చేస్తూ, రెండో చేత్తో ఫోన్ చెవికి పెట్టుకుని, డైపర్లు మీడియం కాదు లార్జ్ అని ఇంట్లో చెప్పేవాడు. నాకప్పుడు పెళ్ళి కాలేదు, ప్రేమ మాత్రం ఒకటి నడుస్తోంది. న్యాయంగా ప్రేమ నేను రాయాలి కదా అని ఒకసారి అడిగాను.

"ప్రేమల ఉన్నోడు ప్రేమ గురించి రాయొద్దు తమ్మీ," అన్నాడు. "నువ్వు రాస్తే ఆ పిల్లకు వినిపించనీకి రాస్తవ్. నేను రాస్తే జీతానికి రాస్త. జీతానికి రాసిందే జర సాఫ్ ఉంటది."

తర్వాత నా ప్రేమ విఫలమైంది, ఆయన ప్రేమకథ కింది అంతస్తులో హిట్టయింది. కింద యూనిట్లో ప్యాకింగ్ చేసే ఆడవాళ్ళు మెట్ల మీద ఆయన్ని ఆపి, కథలోని ఆ పిల్ల పెళ్ళి ఎప్పుడు చేస్తున్నారని నిలదీసేవాళ్ళు. నన్నెవరూ ఏమీ అడిగేవారు కాదు. హత్య నా వంతు మరి.

బాసు

మా బాసు భాస్కర్రావు గారిది గోదావరి జిల్లా. అంతకుముందు టీవీ సీరియళ్ళకి పని చేశారు. ఆ అలవాటు పోక, మామూలు మాటకి కూడా చివర నోటితో డప్పు కొట్టేవారు. "ఏమయ్యా, టీ వచ్చిందా? ధన్... ధన్... ధన్..."

నవలలో చరిత్ర భాగం ఆయనది. ఏ వాక్యానికైనా ముందు 'ఆ రోజుల్లో' అని పెడితే అది చరిత్ర అవుతుందని ఆయన నమ్మకం. ఆ రోజుల్లో గడీ బావి దగ్గర ప్లాస్టిక్ బకెట్ కూడా ఉండేది. ఒక శ్రోత తప్పు పట్టాడు. ఆయన ఆలోచించి దాన్ని వెండి బకెట్‌గా మార్చారు. దొర గదా, ఆమాత్రం ఉండదా అన్నారు.

ఇంత చెప్పాను కాబట్టి మంచి కూడా చెప్పాలి. ఆయన ఎవరి మీదా అరవలేదు. గొంతులిచ్చేవాళ్ళు చాలకపోతే దొర పాత్రకి తనే గొంతిచ్చారు, మంత్రగాడి పాత్ర మహేశన్నకి ఇచ్చారు. నాకే పాత్రా ఇవ్వలేదు. నా గొంతు వింటే దయ్యం కూడా నవ్వుతుందన్నారు. ఆయన తీర్పుల్లో సరైనవాటిలో అదొకటి.

అనసూయమ్మ గారు

దొరసాని మాణిక్యమ్మకి గొంతిచ్చింది అనసూయమ్మ గారు. రైల్వేలో స్టేషన్ అనౌన్సరుగా చేసి రిటైరయ్యారు. మౌలాలి వైపు ఉండేవారు. ఆటోలో వచ్చి, కళ్ళజోడు తుడుచుకుని, నిలబడి చదివి, టిఫిన్ బాక్సు తిని వెళ్ళిపోయేవారు.

కింద మసాలా మిల్లు తిరుగుతున్నంతసేపూ మా మైకు మీదికి రోడ్డు రోలర్ ఎక్కినట్టుండేది. వాళ్ళు భోజనానికి ఆపే ఆ గంటలోనే రికార్డింగ్ చేయాలి, మళ్ళీ మిల్లు మొదలయ్యేలోగా యాప్‌కి పంపేయాలి. రెండోసారి చదివించే వ్యవధి ఉండదు, మేం మళ్ళీ విని చూసుకునే వ్యవధి అసలే ఉండదు. లోకంలో దయ్యాలన్నిటికీ అర్ధరాత్రి డ్యూటీ అయితే మా దయ్యానికి మధ్యాహ్నం ఒంటిగంట.

మొదటిరోజు బాసు ఆమెకి సీను వివరించి, గుండెలు జారిపోయేలా పలకమన్నారు. ఆమె మైకు ముందు నిలబడి, "నేను వస్తున్నాను," అన్నారు. కోపం లేదు, ఏడుపు లేదు, తొందర లేదు. ఏ ప్లాట్‌ఫారం మీదికో చెబుతారని నేను ఎదురుచూశాను. బాసు మాత్రం కుర్చీలోంచి లేచారు. అన్ని గోడల్లోంచీ ఒకేసారి వచ్చే గొంతు ఆమెది. జనం అందుకే వినేవారు. హీరో ఎన్ని పేజీలు మాట్లాడినా ముందుకి జరిపేసేవాళ్ళు, దొరసాని రాగానే ఆగేవాళ్ళు.

అదే ముప్పు తెచ్చింది. ఒకరోజు యాప్ వాళ్ళు ఫోన్ చేసి, దయ్యం వల్ల ప్రేమ కదలడం లేదనీ, శుక్రవారానికి దయ్యాన్ని పంపించేసి పెళ్ళి పనులు మొదలుపెట్టమనీ చెప్పారు. బాసు టీ తాగుతూ ఆ సంగతి అనసూయమ్మ గారికి చెప్పారు. ఆమె టిఫిన్ బాక్సు మూత పెట్టారు.

"నన్ను పంపించేయడం మీ ఇష్టం సార్," అన్నారు. "కానీ చచ్చింది నేను. నన్నెవరు చంపారో చెప్పకుండా పంపిస్తే ఎలా?"

బాసు నా వైపు చూశారు. నేను మహేశన్న వైపు చూశాను. మహేశన్న మోగని ఫోన్ ఎత్తి హలో అన్నాడు.

"బండి లేటైతే ఎందుకు లేటైందో చెప్పేవాళ్ళం," అన్నారామె. "కారణం నిజమో కాదో దేవుడెరుగు. కానీ ఏదో ఒకటి చెప్పకుండా జనాన్ని అలా నిలబెట్టేవాళ్ళం కాదు."

అన్నాళ్ళూ మాకు హత్య అంటే ఎపిసోడ్ చివర వేసే పోపు. ఆమెకి కాదని ఆరోజు తెలిసింది. మాణిక్యమ్మకి జవాబు దొరకాలి. దొరకకుండా ఆ గొంతు ఆగిపోతే, అన్ని నెలలు ఆమె నిలబడి చదివినదంతా ఉత్త చప్పుడే.

ముందు శాంతి చేసేద్దాం, హంతకుడి సంగతి పెళ్ళి తర్వాత చూద్దాం అన్నారు బాసు. అంటే ఎప్పటికీ చూడం అని. అది అనసూయమ్మ గారికీ అర్థమైంది. తలూపి వెళ్ళిపోయారు.

చిరంజీవ

శాంతి ఎపిసోడ్ నేనే రాశాను. మంత్రగాడు ముగ్గు వేసి, నిమ్మకాయలు కోసి, 'ఓ ఆత్మా, ఈ లోకంతో నీ బంధం తెగింది, వెళ్ళిపో' అంటాడు. దొరసాని 'సెలవు' అంటుంది. అంతే.

ఆ ఉదయం కింద యూనిట్లో వరంగల్ మిరపకాయలు కొత్త లోడు దించి ఆడించారు. ఒంటిగంటకి మిల్లు ఆగింది కానీ ఘాటు ఆగలేదు. మెట్లెక్కి పైకి వచ్చింది. మహేశన్న కళ్ళల్లో నీళ్ళు పెట్టుకుని, ఎన్నడూ లేనంత ఆర్ద్రంగా మంత్రం చదివాడు. అనసూయమ్మ గారు మైకు దగ్గరికి వచ్చారు. "సెల..." అన్నారు. తుమ్మారు.

మామూలు తుమ్ము కాదు. గడీ పునాదులు కదిలే తుమ్ము.

ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. మహేశన్న ఇంట్లో అప్పుడు రెండేళ్ళ పిల్ల ఉంది, దానికి జలుబు. ఇంట్లో రోజంతా చేస్తున్న పనే ఆయన ఇక్కడా చేశాడు. నిమ్మకాయలు కోసి ఆత్మను పైలోకానికి సాగనంపుతున్న మంత్రగాడి గొంతుతోనే, ఏ మాత్రం తడుముకోకుండా, "చిరంజీవ," అన్నాడు.

ఆమె మళ్ళీ తుమ్మారు.

"నూరేళ్ళు బతుకు బిడ్డా," అన్నాడు మంత్రగాడు.

నేను గాజు అద్దం ఇవతల నోరు మూసుకుని నేల మీద కూర్చున్నాను. బాసు పద్ధతి ప్రకారం వినకుండా పంపేశారు.

సాయంత్రానికి యాప్ కింద వ్యాఖ్యలు పుట్టలా పెరిగాయి. చచ్చినవాళ్ళు తుమ్మరు, కాబట్టి దొరసాని బతికే ఉందని ఒకరు తేల్చారు. ఆ సంగతి మంత్రగాడికి మొదటినుంచీ తెలుసని, అందుకే దీవించాడని ఇంకొకరు. ఇంత గొప్ప మలుపు ఈ మధ్య వినలేదని, రాసినవాళ్ళ చేతులకి దండం పెట్టాలని మూడో ఆయన. నా చేతులు నేను చూసుకున్నాను. కారం ఉంది.

యాప్ వాళ్ళు మళ్ళీ ఫోన్ చేశారు. దయ్యాన్ని ఇంకో వారం ఉంచి, బతికే ఉందని తేల్చి, పెళ్ళితో కథ ముగించమన్నారు. మర్నాడు బాసు మహేశన్నని కౌగిలించుకుని, ఎలా తట్టిందయ్యా అని అడిగారు.

"జర లోపల్నుంచి వచ్చింది సార్," అన్నాడు మహేశన్న.

గోడలు

బతికున్న మనిషిని సమర్థించడం చచ్చిన మనిషిని నడిపించడం కంటే కష్టం. ఇది నా వృత్తి నేర్పిన పెద్ద పాఠం. అన్ని నెలలూ మాణిక్యమ్మ గోడల్లోంచి వెళ్ళింది. మూసిన గదుల్లో కనబడింది. ఒకసారి బావి మీద గాల్లో నిలబడింది.

మహేశన్న కూర్చుని అన్నిటికీ దారులు వేశాడు. గోడలన్నీ డొల్ల, లోపల రహస్య మార్గాలు. ఆయన బొమ్మ గీసి చూపిస్తే గడీలో గోడల కంటే సందులే ఎక్కువున్నాయి.

"అన్నా, ఇల్లు నిలవడతదా?" అన్నాను.

"నిలవడకపోతే గప్పుడు సూద్దాం. భూకంపం నీ ఎపిసోడ్‌ల పెట్టుకో."

బావి సంగతి అడిగితే గిలకకి తాడు కట్టుకుని ఊగిందన్నాడు. పదేళ్ళ కింద జరిగిన ఆమె దహనం సంగతి అడిగితే ఫోన్ మోగిందన్నాడు. ఈసారి నిజంగానే మోగింది. డైపర్లు.

అనసూయమ్మ గారు ఆ వారమంతా వచ్చారు, ఇచ్చింది చదివారు. ఆఖరి ఎపిసోడ్‌కి ముందురోజు మాత్రం నన్ను మెట్ల దగ్గర ఆపారు. మళ్ళీ అదే అడిగారు, గొంతు పెంచకుండా. "బాబూ, చంపలేదు సరే. చంపబోయిందెవరు?"

రేపు చెబుతానన్నాను. నాకు తెలియదని ఆమెకి తెలుసు. అయినా సరేనన్నారు. అది నన్ను కాస్త ఇబ్బంది పెట్టింది. మనల్ని నమ్మనివాళ్ళని ఎలాగోలా ఒప్పించవచ్చు. నమ్మినట్టు ఊరుకున్నవాళ్ళతో ఏమీ చేయలేం.

ఆఖరి ఎపిసోడ్

దొరే చంపబోయాడని రాశాను. పాలల్లో విషం. అన్ని నెలలుగా వస్తున్న పాలకి ఒక ప్రయోజనం దొరికిందని నాకు సంతోషం. బాసుకి మాత్రం నచ్చలేదు.

"నేనేనా?" అన్నారు.

"మీరు కాదు సార్. దొర."

"అదేనయ్యా. నేనేనా?"

హంతకులకే అవార్డులు వస్తాయని చెప్పి ఒప్పించాను. సీను ఇది. దొర ఆమె కాళ్ళ మీద పడి ఏడుస్తాడు. ఆమె క్షమిస్తుంది. ప్రేమికులను దీవిస్తుంది. సన్నాయి.

అనసూయమ్మ గారు కాగితాలు చదివి, "పాలా?" అని ఒక్క మాట అన్నారు. కళ్ళజోడు తుడుచుకుని మైకు దగ్గరికి వెళ్ళారు. కింద మిల్లు ఆగింది. ప్యాకింగ్ ఆడవాళ్ళు అన్నం డబ్బాలతో సహా పైకి వచ్చి తలుపు దగ్గర చేరారు. ఆఖరిది కదా, వెళ్ళమనలేకపోయాం.

బాసు దొర గొంతుతో మొదలుపెట్టారు. "మాణిక్యం, నిన్ను చంపాలనుకున్న పాపిని నేనే. పాలల్లో విషం కలిపింది నేనే."

'నిన్ను క్షమించాను' అనాలి ఆమె. అనలేదు. కాగితాలు మడిచి పక్కన పెట్టారు.

"మీకంత తీరిక ఎక్కడిదండీ?" అన్నారు. "నన్నెవరూ చంపబోలేదు."

బాసు పేజీ తిప్పారు. వెనక్కి తిప్పారు.

"బతికున్నప్పుడు ఈ ఇంట్లో నా మాట ఒక్కరు విన్నారా? ఒకరోజు అలిగి లోపలి గదిలో తలుపేసుకున్నాను. పిలిస్తే పలకలేదు. చచ్చిపోయిందన్నారు. సరే, ఏం చేస్తారో చూద్దామని ఊరుకున్నాను. మర్నాడు చీకట్లోంచి దీపం పెట్టమంటే పరిగెత్తి పెట్టారు. పనివాళ్ళని కొట్టొద్దంటే మానేశారు. ఎవరి భూములు వాళ్ళకి ఇచ్చేయమంటే కాగితాలు రాసిచ్చారు. ఇంత బాగా వింటున్నప్పుడు మళ్ళీ బతకడం దేనికని అలాగే ఉండిపోయాను."

అదే అన్ని గోడల్లోంచీ వచ్చే గొంతు. కానీ ఈసారి ఒక మనిషిలోంచి వచ్చింది. ఆమె ఆ మాటలు ఎక్కడినుంచి తెచ్చారో నేను అడగలేదు. మామూలుగా ఇలాంటి చోట నేనొక జోకు వేస్తాను. ఆ రోజు రికార్డింగ్ ఆగిపోలేదు కదా అని చూశాను.

బాసు చేతిలోని కాగితంలో దొర భోరున ఏడవాలి. ఆయన కాగితం చూశారు, ఆమెను చూశారు. తర్వాత, దొరగానో తనుగానో నాకిప్పటికీ తెలియదు, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగారు.

"మరి ఇన్నేళ్ళు తిండి?"

"మీ పళ్ళెంలోదే. మీరెప్పుడైనా పళ్ళెం చూసి తిన్నారా?"

తలుపు దగ్గర ఆడవాళ్ళు నవ్వారు. ఒకామె గట్టిగా, "గట్లనే అడుగమ్మా," అంది. అదంతా రికార్డయింది, అదంతా వెళ్ళింది. సన్నాయి వేయడం అందరం మర్చిపోయాం. ఆ ప్రేమికులకి ఇప్పటికీ పెళ్ళి కాలేదు. అడిగినవాళ్ళు కూడా లేరు.

ఆ సాయంత్రమే బాసు రెండో భాగం మొదలుపెడదామన్నారు. కొత్త గడీ, కొత్త హత్య, దయ్యానికి మళ్ళీ అనసూయమ్మ గారి గొంతే. ఆమె టిఫిన్ బాక్సు సంచిలో పెట్టుకుంటూ విన్నారు.

"దయ్యం వేషం చాలు సార్," అన్నారు. "ఈసారి బతికున్నావిడ వేషం ఉంటే పిలవండి. వస్తాను."

ఉంటుందన్నారు బాసు. రాస్తామన్నాం మేమిద్దరం. నేను ఆ పని మీద కొన్నాళ్ళు కూర్చుని, రెండో పేజీకల్లా ఆమెను నాకు తెలియకుండానే చంపేస్తుండటం గమనించి, నెలాఖరుకి రిటైరయ్యాను. మహేశన్న ఆ వేషం ఇంకా రాస్తున్నాడు. మొన్న ఉప్పల్‌లో కలిస్తే ఎంతవరకు వచ్చిందని అడిగాను. మొదటి సీను అయిందట. అందులో ఆమె తనకేం కావాలో చెబుతుందట, చాలా బాగా వచ్చిందట. దానికి అవతలివాడు ఏమనాలో రాయడానికి తోచక కథ అక్కడే ఆగిందట.